ఇల్లు అమ్మకంలో మధ్యవర్తి ఎంపిక

ఇల్లు అమ్మదలచినవారి తరఫున కొనేవారిని వెతికి, బేరం కుదిర్చి, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా వెంట ఉండి, అందుకు కమీషన్ తీసుకునే వ్యక్తి లేదా సంస్థ స్థిరాస్తి మధ్యవర్తి. ఊళ్లలో బ్రోకరు అంటారు, నగరాల్లో ఏజెంటు అంటారు, విజిటింగ్ కార్డు మీద కన్సల్టెంటు అని ఉంటుంది. పని ఒకటే. మామూలు కుటుంబానికి ఇంటిని మించిన ఆస్తి ఉండదు. దాన్ని అమ్మే అవసరం జీవితంలో ఒకసారో రెండుసార్లో వస్తుంది. ఏజెంటు మాత్రం నెలనెలా అదే పనిలో ఉంటాడు. వీధిలో ఏ ఇల్లు ఎంతకు పోయిందో, కొనేవారు ఎంత తొందరలో ఉన్నారో, ఏ కాగితం ఎక్కడ అడ్డుపడుతుందో అతనికి తెలిసినంతగా ఇంటి యజమానికి తెలియదు. అతనికి తెలిసినదంతా ఎవరి మేలుకు వాడతాడన్నదే ఈ ఎంపికలో అసలు ప్రశ్న.

ఈ వ్యాసం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పాత ఇంటిని, అంటే ఇప్పటికే ఒకరి పేరున ఉన్న ఇంటినో ఫ్లాటునో, ఏజెంటు ద్వారా అమ్మే సందర్భానికి సంబంధించినది.

పూర్వం, ఇప్పుడు

పల్లెల్లో ఇల్లూ పొలమూ చేతులు మారడానికి ప్రత్యేకంగా బ్రోకరు అక్కర్లేకపోయేది. కొనేవారు ఆ ఊరివాళ్లో పక్క ఊరివాళ్లో అయ్యేవారు. హద్దులు కరణానికి తెలుసు, ధర పెద్దమనుషుల మధ్య తేలేది, కాగితం దస్తావేజు లేఖరి రాసేవాడు. 1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. అప్పటికే పట్టణాల్లో కాలనీలు లేస్తున్నాయి. హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ హుడా 1975లో వచ్చింది, 2008లో అది హెచ్‌ఎండీఏగా విస్తరించింది. విశాఖలో అక్కడి నగరాభివృద్ధి సంస్థ వుడా లేఅవుట్లు, విజయవాడలో పటమట, గుణదల వైపు కొత్త కాలనీలు పెరిగాయి. అమ్మేవారికి కొనేవారు ఎవరో తెలియని అమ్మకాలు అక్కడ మొదలయ్యాయి. తెలియని ఇద్దరి మధ్య నిలబడే మనిషికి గిరాకీ పుట్టింది. కిరాణా కొట్టు యజమాని, ఇస్త్రీ బండి మనిషి, ఫ్లాట్లలో వాచ్‌మన్ కూడా ఆ పని చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు.

1998 నవంబరు రెండు విధాల గుర్తుంచుకోదగిన నెల. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో కార్డ్ పేరుతో కంప్యూటర్ల విధానం వచ్చింది. మొదటిది కొనేవారిని తెచ్చింది, రెండోది కాగితాల వెతుకులాటను తేలిక చేసింది. తరువాతి దశాబ్దంలో 99ఏకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్ వంటి పోర్టళ్లు, 2014లో నోబ్రోకర్ వచ్చాయి. ఇల్లు అమ్మకానికి ఉందన్న కబురు చేరవేయడం ఒకప్పుడు బ్రోకరు చేతిలో ఉన్న పెద్ద బలం. ఆ బలం తగ్గింది. ధర తేల్చడం, కొనేవారి స్తోమత తూచడం, కాగితాల చిక్కు విప్పడం, బేరం చెడకుండా రిజిస్ట్రేషన్ దాకా లాక్కురావడం ఈనాటి అసలు పని. ఇవి చేతకానివాడికి కమీషన్ ఇవ్వడంలో అర్థం లేదు.

చట్టం అండ ఎంతవరకు

ఏజెంటుకూ అమ్మేవారికీ మధ్య సంబంధానికి మూలం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. అందులోని పదో అధ్యాయం ఏజెన్సీ గురించి చెబుతుంది. అది పాతకాలపు చట్టమని తోసిపుచ్చకూడదు, ఇల్లు అమ్మేవారికి పనికొచ్చే రక్షణల్లో గట్టివి అందులోనే ఉన్నాయి. ఏజెంటు తనను నియమించినవారి ఆదేశాల ప్రకారం నడుచుకోవాలి, తగిన నేర్పుతో శ్రద్ధతో పనిచేయాలి, అడిగినప్పుడు లెక్కలు చెప్పాలి. వేరే ఒప్పందం లేకపోతే, పని పూర్తయ్యాకే అతనికి ప్రతిఫలం అందాలని 219వ సెక్షన్ చెబుతుంది. పనిలో దుష్ప్రవర్తనకు పాల్పడితే ఆ భాగానికి ప్రతిఫలమే ఉండదని 220వ సెక్షన్ చెబుతుంది.

215వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలు నేటి కాలనీల కోసం రాసినట్టుంటాయి. ఎస్టేటు అమ్మిపెట్టమని యజమాని ఏజెంటుకు చెబుతాడు. ఏజెంటు మరొకరి పేరు పెట్టి తానే కొంటాడు. ముఖ్యమైన సంగతి దాచాడని, లేదా ఆ వ్యవహారం తనకు నష్టం చేసిందని చూపగలిగితే యజమాని ఆ అమ్మకాన్ని తిరస్కరించవచ్చు. ఇంకో ఉదాహరణలో, భూమిలో గని ఉన్నట్టు ఏజెంటు కనిపెడతాడు, ఆ మాట దాచి తానే కొంటానంటాడు. అక్కడా యజమానిదే పైచేయి. ఇప్పుడు గనుల స్థానంలో మెట్రో మార్గాలు, రోడ్ల విస్తరణలు, కొత్త ఫ్లైఓవర్లు వచ్చాయి. యజమాని కన్నా ముందే ఆ కబురు తెలిసిన ఏజెంటు బావమరిది పేరునో భార్య పేరునో కొనడం కొత్త ఎత్తు కాదు. చట్టం దానికి నూట యాభై ఏళ్ల కిందటే జవాబు రాసిపెట్టింది.

రెండోది స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, జనం నోట రెరా. 2016లో పార్లమెంటు ఆమోదించింది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాలూ 2017లోనే నియమాలు ప్రకటించాయి. బ్రోకరు, మధ్యవర్తి, డీలరు, పేరు ఏదైనా సరే, కమీషన్ తీసుకుని అమ్మకం కుదిర్చేవారంతా ఏజెంట్లేనని చట్టం నిర్వచించింది. వారు రాష్ట్ర రెరా సంస్థ దగ్గర నమోదై నంబరు తీసుకోవాలి, లెక్కల పుస్తకాలు నిర్వహించాలి, లేని సౌకర్యాలు ఉన్నట్టు చెప్పకూడదు. నమోదు లేకుండా పనిచేస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా.

ఇంతవరకు చదివినవారు రెరా నంబరు ఉన్న ఏజెంటును పట్టుకుంటే చాలనుకుంటారు. ఇక్కడే జాగ్రత్త కావాలి. నమోదు తప్పనిసరి అన్న నిబంధన రెరాలో రిజిస్టరైన ప్రాజెక్టుల్లోని ప్లాట్లు, ఫ్లాట్లు, భవనాల అమ్మకాలకే వర్తిస్తుంది. తెలంగాణలో 2017 జనవరి 1 తరువాత అనుమతి పొందిన ప్రాజెక్టులే రెరా పరిధిలోకి వచ్చాయి. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో కట్టినవి, ఎనిమిది ఫ్లాట్లకు మించనివి మినహాయింపు పొందాయి. అందువల్ల దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై ఏళ్ల నాటి ఫ్లాటును, గాజువాకలో సొంతంగా కట్టుకున్న డాబాను అమ్మిపెట్టే బ్రోకరుకు రెరా నంబరు లేకపోయినా చట్టం అడగదు. తెలుగు నేల మీద పాత ఇళ్ల అమ్మకాల్లో పెద్ద భాగం ఇలాంటివే. నంబరు ఉంటే మంచిదే. అతను తన పేరు, చిరునామా, పాన్ వివరాలు ఒక ప్రభుత్వ సంస్థకు ఇచ్చాడన్న ధీమా దొరుకుతుంది. అయితే అది నైపుణ్యానికి గుర్తు కాదు. మహారాష్ట్ర రెరా 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. నమోదుకు చదువు తోడవ్వాలన్న ఆ ఆలోచన సరైనది.

కమీషన్ లెక్క

కమీషన్ ఇంత ఉండాలని చట్టం నిర్ణయించలేదు. వాడుకలో ధర మీద ఒక శాతం నుంచి రెండు శాతం. చాలాచోట్ల అమ్మేవారి దగ్గరా కొనేవారి దగ్గరా రెండు వైపులా తీసుకుంటారు. జీఎస్టీ నమోదు ఉన్న ఏజెంటైతే కమీషన్ మీద 18 శాతం పన్ను కలుస్తుంది. ఏడాది ఆదాయం 20 లక్షల రూపాయలు దాటని చిన్న ఏజెంట్లకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు.

ఈ శాతాల పద్ధతిలో ఒక చిక్కు ఉంది. 80 లక్షల ఇంటి మీద ఒక శాతం అంటే 80,000 రూపాయలు. ఇంకో నెల ఓపిక పట్టి, నలుగురికి ఎక్కువగా చూపించి, 83 లక్షలకు అమ్మగలిగాడనుకుందాం. యజమానికి అదనంగా దాదాపు మూడు లక్షలు వస్తాయి. ఏజెంటుకు అదనంగా వచ్చేది 3,000. మూడు వేల కోసం నెల రోజులు తిరిగే బదులు, ఈ బేరం ఇవాళే ముగించి మరో ఇంటి పని చూసుకోవడం అతనికి లాభం. మంచివాడైనా సరే, లెక్క అతన్ని అటే నెడుతుంది. ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ షికాగో ప్రాంతంలో దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనం దీన్ని అంకెల్లో చూపింది. ఏజెంట్లు తమ సొంత ఇళ్లను అమ్ముకున్నప్పుడు తమను నియమించుకున్నవారి ఇళ్ల కన్నా దాదాపు తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగారు, 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టుకున్నారు. అమెరికా అంకెలు మన ఊళ్లకు యథాతథంగా సరిపోవు. కారణం మాత్రం ఎక్కడైనా ఒకటే. "ఈ రేటుకు ఇచ్చెయ్యండి సార్, ఇంతకన్నా రాదు" అన్న మాట వినగానే, అది మార్కెట్ చెబుతున్న మాటా లేక కమీషన్ చెబుతున్న మాటా అని ఆలోచించాలి.

దీనికి విరుగుడుగా కొందరు అంచెల కమీషన్ కుదుర్చుకుంటారు. అనుకున్న ధర దాకా ఒక శాతం, ఆ పైన వచ్చిన మొత్తంలో పదో వంతో పదిహేనో వంతో. అప్పుడు మూడు లక్షల అదనంలో ఏజెంటుకు ముప్ఫై వేలు దక్కుతాయి, అతను బేరంలో పట్టు వదలడు. ఈ ఏర్పాటు మన దగ్గర ఇంకా అరుదు. పెద్ద ఆస్తులు అమ్మేవారు దీన్ని తప్పక పరిశీలించాలి.

అంచెల కమీషన్‌కు దగ్గరగా కనిపిస్తూ పూర్తిగా భిన్నమైన పద్ధతి ఒకటి విస్తారంగా ఉంది. "మీకు చేతికి 80 లక్షలు. ఎంతకు అమ్ముకుంటానో నా ఇష్టం, కమీషన్ వద్దు" అంటాడు ఏజెంటు. కమీషన్ మిగిలిందని యజమాని సంతోషిస్తాడు. ఇల్లు 92 లక్షలకు పోతుంది. ఆ సంగతి బయటపడకుండా ఉండాలని ఏజెంటు కొనేవారినీ అమ్మేవారినీ ఒకరితో ఒకరిని మాట్లాడనివ్వడు, రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల దగ్గరే మొదటిసారి కలుపుతాడు. తేడా సొమ్ము తరచు నగదుగా మారుతుంది. దస్తావేజులో ఒక ధర, చేతులు మారింది ఇంకో ధర. పన్ను శాఖ నోటీసు వస్తే మాత్రం పత్రంలో ఉన్న పేరు యజమానిదే. ఈ పద్ధతికి ఒప్పుకోవద్దన్నదే సరైన సలహా.

దీనికే ఇంకో రూపం, ఏజెంటు తన పేరున అమ్మకపు అగ్రిమెంటు రాయించుకోవడం. లక్షో రెండు లక్షలో అడ్వాన్సు ఇచ్చి మూడు నెలల గడువు పెట్టుకుంటాడు. ఆ మూడు నెలల్లో ఎక్కువ ధరకు కొనేవారిని వెతికి, రిజిస్ట్రేషన్ నేరుగా వారి పేరున చేయిస్తాడు. ఆ క్షణం నుంచి అతను మధ్యవర్తి కాడు, కొనుగోలుదారుడు. ధర పెరిగితే లాభం అతనిది, పడితే గడువు పొడిగించమంటాడు. 2018 సవరణ తరువాత నిర్దిష్ట పరిష్కారాల చట్టం కింద ఒప్పందాన్ని అమలు చేయమని కోర్టును అడగడం కొనేవారికి తేలికైంది. అలాంటి అగ్రిమెంటు మీద వివాదం మొదలైతే ఇల్లు ఏళ్ల తరబడి కోర్టులో చిక్కుకుంటుంది. తానే కొంటానన్న ఏజెంటుతో కొనేవాడితో మాట్లాడినట్టే మాట్లాడాలి, సలహా మాత్రం ఇంకొకరిని అడగాలి.

ఎవరిని ఎంచుకోవాలి

ముగ్గురు నలుగురు ఏజెంట్లను ఇంటికి పిలిచి మాట్లాడాలి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. బంధువుల అబ్బాయనో, కులపాయన అనో, పిల్లల స్కూల్లో తెలిసినవాడనో ఒక్కరికే అప్పగించడం మనవాళ్ల అలవాటు. పరిచయం మంచిదే. కానీ పని సరిగా జరగనప్పుడు పరిచయం ఉన్నవాడిని మార్చడం కష్టం, గట్టిగా లెక్క అడగడం ఇంకా కష్టం.

పిలిచినవారిని అడగవలసిన మొదటి ప్రశ్న, గత ఏడాదిలో ఈ చుట్టుపక్కల ఏ ఏ ఇళ్లు అమ్మారు అని. కూకట్‌పల్లిలో పేరున్న ఏజెంటుకు ఏఎస్ రావు నగర్ ధరలు తెలియకపోవచ్చు. ఒకే కాలనీలో మెయిన్ రోడ్డుకూ లోపలి వీధికీ గజం ధరలో పెద్ద తేడా ఉంటుంది. హైదరాబాద్‌లో గజాల్లో, కోస్తాలో సెంట్లలో, నెల్లూరు వైపు అంకణాల్లో మాట్లాడతారు. ఆ ఊరి లెక్క నాలుక చివర ఉన్నవాడు కావాలి. అతను చెప్పిన ఇళ్లలో ఒకటి రెండింటి పాత యజమానులతో ఫోనులో మాట్లాడితే చాలా తెలుస్తుంది. చెప్పిన ధర వచ్చిందా, అడ్వాన్సు ఎవరి చేతికి వచ్చింది, రిజిస్ట్రేషన్ రోజున కమీషన్ పెంచమని పేచీ పెట్టాడా అని వారినే అడగవచ్చు.

రెండో ప్రశ్న ధర గురించి. అందరికన్నా ఎక్కువ ధర చెప్పినవాడికి ఇల్లు అప్పగించడం సహజంగా జరిగే పొరపాటు. ఇంటిని చేజిక్కించుకోవడానికి కోటి అని చెప్పి, రెండు నెలలు ఎవరినీ తీసుకురాకుండా ఉండి, యజమాని అలసిపోయాక ఎనభైకి దింపే ఏజెంట్లు ఉన్నారు. ఈలోపు ఇల్లు పోర్టళ్లలో పాతబడుతుంది, ఏదో లోపం ఉంది కాబట్టే పోలేదన్న మాట వ్యాపిస్తుంది. ధర చెప్పిన ప్రతి ఏజెంటునూ "ఏ అమ్మకాన్ని చూసి చెబుతున్నారు" అని అడగాలి. దీన్ని యజమాని సొంతంగా కూడా సరిచూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఒకటో నంబరు పుస్తకంలోని స్థిరాస్తి దస్తావేజులను ఎవరైనా రుసుము కట్టి చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. అదే అపార్ట్‌మెంట్‌లో ఈమధ్య అమ్ముడైన ఫ్లాటు దస్తావేజు నకలు చేతిలో ఉంటే ఊహాగానాలు తగ్గుతాయి. దస్తావేజు ధర అసలు ధర కన్నా తక్కువగా ఉండే అలవాటు మనకు ఉందని, ప్రభుత్వ మార్కెట్ విలువ వేరు, బయటి ధర వేరు అని మాత్రం మరవకూడదు.

మూడోది కాగితాల మీద పట్టు. దీనికే ఎక్కువ మార్కులు వేయాలి. ఫ్లాట్లు కొనేవారిలో చాలామంది బ్యాంకు రుణంతో వస్తారు. బ్యాంకు లాయరు లింకు డాక్యుమెంట్లన్నీ తిరగేస్తాడు, ఇంజనీరు ఆమోదిత ప్లానుకూ కట్టిన ఇంటికీ తేడా కొలుస్తాడు. ఒక అంతస్తు అదనంగా లేచినా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకున్నా, తండ్రి పోయాక వారసుల పేర్లు మున్సిపల్ రికార్డుల్లోకి ఎక్కకపోయినా అడ్వాన్సు ఇచ్చిన తరువాత బేరం ఆగిపోతుంది. మంచి ఏజెంటు ఇల్లు చూడగానే ఫొటోలు తీయడు, ముందు కాగితాలు అడుగుతాడు. ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం, అంటే ఈసీ తీయిస్తాడు. రెండు రాష్ట్రాల్లోనూ ఈసీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. సర్వే నంబరు నిషేధిత భూముల 22-ఏ జాబితాలో ఉందేమో చూస్తాడు. లేఅవుట్ అనుమతి లేని ప్లాటులో కట్టిన ఇల్లైతే క్రమబద్ధీకరణ సొమ్ము కట్టారా అని అడుగుతాడు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడిన తరువాత హైదరాబాద్‌లో కొనేవారు ఇంటికన్నా ముందు చెరువు గురించి అడుగుతున్నారు. ఎఫ్‌టీఎల్ అనే చెరువు నిండు నీటి హద్దు ఎక్కడ, దాని చుట్టూ బఫర్ ఎక్కడిదాకా అన్న ప్రశ్నలకు కాగితంతో జవాబు చెప్పగలవాడు బేరాన్ని నిలబెడతాడు. నోటిమాటతో "ఏం కాదు సార్" అనేవాడు చెడగొడతాడు.

అమ్మేవారికి కూడా ఇందులో బాధ్యత ఉంది. తనకు తెలిసి, కొనేవారు మామూలుగా చూసి కనిపెట్టలేని ముఖ్యమైన లోపాలను యజమాని వెల్లడించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. లోపం దాచిపెడదామని సలహా ఇచ్చే ఏజెంటు రేపటి కోర్టు కేసును ఇవాళ చేతిలో పెడుతున్నాడు.

వాస్తు, ముహూర్తాలు కూడా వ్యాపారంలో భాగమే. వీధిపోటు ఉన్న ఇంటికి, దక్షిణ ముఖం ఇంటికి కొనేవారు తక్కువగా దొరుకుతారు, తూర్పు ముఖానికి ఎక్కువ పలుకుతుంది. ఆషాఢంలో, మూఢంలో రిజిస్ట్రేషన్లకు వెనకాడేవారు చాలామంది. ఏ నెలలో ఇల్లు బయటపెట్టాలో, ఏ అభ్యంతరం ఉన్నవారికి చూపించి టైము వృథా చేసుకోకూడదో స్థానిక ఏజెంటుకు తెలుస్తుంది. యజమానికి వీటి మీద నమ్మకం ఉందా లేదా అన్నది వేరే సంగతి, కొనేవారికి ఉంటుంది.

ఒక్కరికా, నలుగురికా

ఒకే ఇంటిని పదిమంది బ్రోకర్లకు చెప్పడం మన ఊళ్లలో సర్వసాధారణం. ఎక్కువమందికి చెబితే ఎక్కువమంది కొనేవారు వస్తారన్న ఆశ. జరిగేది వేరు. పోర్టళ్లలో అదే ఇల్లు నాలుగు ధరలకు కనిపిస్తుంది, కొనేవారు అన్నిటికన్నా తక్కువదాన్ని పట్టుకుంటారు. ఎవరి ద్వారా వచ్చారన్న తగాదా వస్తుంది, ఇద్దరు బ్రోకర్లు ఒకే కమీషన్ అడుగుతారు. ఎవరికీ ఖర్చు పెట్టి ప్రకటన ఇవ్వాలన్న ఉత్సాహం ఉండదు. ఒక్కరికే అప్పగిస్తే అతను శ్రద్ధ పెడతాడు, కానీ అతను నిద్రపోతే ఇల్లూ నిద్రపోతుంది. అందుకే ఒక్కరికే, అయితే రెండు మూడు నెలల గడువుతో ఇవ్వడం మేలు. గడువులోగా ఎంతమందికి చూపించాడు, వారు ఏమన్నారు అన్నది వారం వారం వాట్సాప్‌లో రాసి పంపమనాలి. ఆ చిన్న నివేదిక అడగగానే తప్పుకునేవాడు ముందే తప్పుకుంటే మంచిది.

రాతపూర్వక ఒప్పందం

నోటిమాట మీద నడిచే ఈ వృత్తిలో ఒక పేజీ కాగితం చాలా తగాదాలను ఆపుతుంది. ఇంటి వివరాలు, యజమాని ఒప్పుకునే కనీస ధర, కమీషన్ శాతం, దాని మీద జీఎస్టీ ఉందా లేదా, కమీషన్ ఎప్పుడు చెల్లించాలి, గడువు ఎప్పటితో ముగుస్తుంది అన్నవి రాయాలి. రిజిస్ట్రేషన్ రోజునే కమీషన్ అని రాయడం అమ్మేవారికి క్షేమం. కొనేవారి దగ్గర కూడా కమీషన్ తీసుకుంటున్నాడా అన్నది దాచకుండా రాయించాలి. యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా ఏజెంటు గానీ అతని కుటుంబ సభ్యులు గానీ ఆ ఇల్లు కొనకూడదని ఒక వాక్యం ఉండాలి. గడువు ముగిశాక అతను అంతకుముందు చూపించిన మనిషే కొంటే కమీషన్ ఇవ్వాలా అన్నది ఇద్దరూ ముందే తేల్చుకోవాలి. న్యాయంగా అయితే ఇవ్వాలి. అందుకోసం చూపించినవారి పేర్ల జాబితా గడువు ముగిసిన రోజున ఏజెంటు ఇవ్వాలి.

ఏజెంటుకు ఇవ్వకూడనివి రెండు: అసలు దస్తావేజులు, డబ్బు తీసుకునే అధికారం. చూపించడానికి నకళ్లు చాలు. వాటి మీద "పరిశీలన కోసం మాత్రమే" అని తేదీ వేసి రాయడం మంచి అలవాటు. టోకెన్ అయినా, బయానా అయినా, మిగతా సొమ్ము అయినా కొనేవారి ఖాతా నుంచి నేరుగా యజమాని ఖాతాకే రావాలి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని 2015 జూన్ నుంచి ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, తీసుకున్నంతా జరిమానాగా కట్టవలసి రావచ్చు. అమ్మకపు ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవారు ఒక శాతం మినహాయించి యజమాని పాన్ మీద ప్రభుత్వానికి జమ చేస్తారు. ఈ సంగతి ముందే చెప్పే ఏజెంటు ఉంటే చివరి రోజున "ఇంత తగ్గిందేమిటి" అన్న గొడవ ఉండదు.

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ విషయంలో మరీ కచ్చితంగా ఉండాలి. అమ్మకపు దస్తావేజు లేకుండా జీపీఏ ద్వారా జరిగే అమ్మకం యాజమాన్య హక్కును బదిలీ చేయదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా యజమాని పేరున అమ్మకపు దస్తావేజు రాసి సంతకం చేసే అధికారాన్ని జీపీఏ ఇవ్వగలదు. ఏజెంటుకు జీపీఏ ఇవ్వడమంటే ఇంటి తాళం, సంతకం రెండూ అప్పగించడమే.

విదేశాల నుంచి అమ్మేవారు

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటూ తల్లిదండ్రుల ఇంటిని అమ్మవలసి వచ్చే తెలుగువారికి ఏజెంటు మీద ఆధారపడటం ఎక్కువ. ఇలాంటివారు అధికారపత్రం ఇవ్వక తప్పదు. ఏజెంటుకు కాకుండా దగ్గరి బంధువుకు, ఈ ఒక్క ఇంటి రిజిస్ట్రేషన్‌కు మాత్రమే పరిమితం చేస్తూ, ధరా డబ్బు చేరవలసిన ఖాతా నంబరూ రాసి ఇవ్వాలి. భారత కాన్సులేట్‌లో గానీ అక్కడి నోటరీ ముందు గానీ సంతకం చేసిన ఆ పత్రం భారతదేశం చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు సుంకం కట్టించాలి. ప్రవాస భారతీయుడు అమ్మినప్పుడు కొనేవారు మినహాయించే పన్ను స్థానికుల విషయంలోలా ఒక శాతం కాదు, చాలా ఎక్కువ. తక్కువ మినహాయింపుకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం ముందే తెచ్చుకోవచ్చు. దానికి వారాలు పడుతుంది. అందువల్ల ప్రవాసుల ఇళ్లు అమ్మిన అనుభవం ఉన్న ఏజెంటును, అతనితో సంబంధం లేని చార్టర్డ్ అకౌంటెంటును ఎంచుకోవాలి. ఇద్దరూ ఒకరికొకరు కావలసినవారైతే ఒకరి తప్పును మరొకరు చెప్పరు.

ఇతర దేశాల్లో

అమెరికాలో ఏజెంట్లు రాష్ట్ర పరీక్ష రాసి లైసెన్సు పొందాలి. అమ్మేవారి ఏజెంటు వేరు, కొనేవారి ఏజెంటు వేరు. ఇద్దరి కమీషన్ కలిపి చాలాకాలం 5, 6 శాతం ఉండి, అమ్మేవారే భరించేవారు. దీని మీద నడిచిన దావాల్లో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 2024లో 41.8 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఆ ఏడాది ఆగస్టు 17 నుంచి, ఇళ్ల జాబితాలో కొనేవారి ఏజెంటుకు ఇచ్చే కమీషన్ ప్రకటించడం ఆగింది. కొనేవారు ఇల్లు చూడకముందే తమ ఏజెంటుతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. అక్కడ ఇళ్లు అమ్ముకునే తెలుగువారు పాత లెక్కలతో వెళ్లకుండా ఈ మార్పును తెలుసుకోవాలి. బ్రిటన్‌లో 1979 నాటి ఎస్టేట్ ఏజెంట్ల చట్టం, కమీషన్ షరతులను ముందే రాసివ్వాలని, ఆస్తిలో తనకు సొంత ప్రయోజనం ఉంటే ఏజెంటు వెల్లడించాలని నిర్దేశిస్తుంది. దుబాయిలో అమ్మేవారికీ బ్రోకరుకూ మధ్య ఒప్పందం ఫారం-ఏ అనే ప్రభుత్వ నమూనాలో ఉంటుంది.

ఏజెంటు లేకుండా

అదే అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాటు వారికో, అద్దెకున్నవారికో అమ్ముతున్నప్పుడు ఏజెంటు అక్కర్లేదు. దస్తావేజు రాయడానికి, కాగితాలు చూడటానికి ఒక లాయరు చాలు. పోర్టల్‌లో సొంతంగా ప్రకటన పెట్టుకునే ఓపిక, ఫోన్లు ఎత్తే తీరిక, బేరమాడే గుండె ఉన్నవారు కూడా కమీషన్ మిగుల్చుకోవచ్చు. వయసు మళ్లినవారు, ఒంటరిగా ఉండేవారు, వాటాల్లో తేడాలున్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మాత్రం మధ్యలో ఒక మనిషి ఉంటేనే నెగ్గుకొస్తారు.

వివాదం వస్తే

ఏజెంటు రెరాలో నమోదైనవాడై, ఆస్తి కూడా రెరా ప్రాజెక్టులోదైతే రాష్ట్ర రెరా సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు. కమీషన్ తీసుకుని సేవలో లోపం చేసినప్పుడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ తలుపు తట్టవచ్చు. అడ్వాన్సు కాజేస్తే అది పోలీసు కేసు. ఎక్కడికి వెళ్లినా అడిగేది కాగితమే. కమీషన్‌ను బ్యాంకు ద్వారా చెల్లించి రసీదు తీసుకోవడంలో ఇంకో లాభం ఉంది. మూలధన లాభం లెక్క కట్టేటప్పుడు అమ్మకం కోసం పెట్టిన ఖర్చుగా దాన్ని ధరలోంచి తీసివేయవచ్చు. నగదుగా ఇచ్చి రసీదు తీసుకోనివారు ఆ మినహాయింపును పోగొట్టుకుంటున్నారు.

పాత ఇళ్ల అమ్మకాలు నడిపే బ్రోకర్లను కూడా రెరా నమోదు పరిధిలోకి తేవాలి, వారికి కనీస శిక్షణ, ఒక నమూనా ఒప్పందం తప్పనిసరి చేయాలి. బిల్డరు దగ్గర కొనేవారికి చట్టం ఇచ్చిన భద్రత, ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన ఇంటిని అమ్ముకునే వృద్ధ దంపతులకు ఇవ్వకపోవడం న్యాయం కాదు. రెండు రాష్ట్రాల రెరా సంస్థలూ ఈ సవరణ కోసం కేంద్రాన్ని అడగాలి. అది జరిగేదాకా, ఇల్లు అమ్ముతున్నవారు ఎంత నమ్మకస్తుడైన ఏజెంటుతోనైనా సరే ఒప్పందం రాయించుకున్న తరువాతే ఇంటి తలుపు తీయాలి.